స్విమ్మింగ్ పూల్: చలికాలం కదా అని పూల్ ఖాళీ చేస్తున్నారా? టైల్స్ ఊడిపోతాయ్ జాగ్రత్త!

హైదరాబాద్ శివార్లలో ఇప్పుడు విల్లా అన్నా, ఫామ్‌హౌస్ అన్నా స్విమ్మింగ్ పూల్ ఉండాల్సిందే. ఎండాకాలమంతా పిల్లలు నీళ్లలోంచి బయటకే రారు. అదే డిసెంబర్ వచ్చిందంటే ఒక్కరూ అటువైపు తొంగిచూడరు. దీంతో కరెంట్ బిల్లు కలిసొస్తుందని కొందరు పంపు ఆపేస్తారు. ఇంకొందరైతే ఏకంగా నీళ్లన్నీ తోడేస్తారు. రెండూ పొరపాటే.

ముందు ఖాళీ చేసే సంగతి చూద్దాం. వానలు ఆగినా భూమిలో నీటిమట్టం వెంటనే పడిపోదు. చెరువుల పక్కన, పల్లపు ప్రాంతాల్లో కొన్ని నెలలు పైనే ఉంటుంది. పూల్ నిండుగా ఉంటే కింద నుంచి వచ్చే ఒత్తిడిని ఆ నీళ్ల బరువే ఆపుతుంది. నీళ్లు తీసేస్తే ఆ ఒత్తిడికి అడుగు పగుళ్లిస్తుంది, టైల్స్ ఊడిపోతాయి. ఫైబర్ పూల్ అయితే మొత్తం తొట్టే పైకి లేచిపోవచ్చు. పైగా మళ్లీ నింపాలి కదా! 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.25 మీటర్ల లోతున్న చిన్న పూల్‌కే 40 వేల లీటర్లు కావాలి. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 8! రిపేర్ తప్పదనుకుంటే నీటిమట్టం బాగా తగ్గాక, తెలిసినవాళ్లతోనే చేయించాలి.

అమెరికా, కెనడా వీడియోల్లో పూల్ మూసేస్తున్నారు కదా అంటారా? అక్కడ నీళ్లు గడ్డకట్టి పైపులు పగులుతాయి, అందుకే ఆ తంటా. మన దగ్గర రాత్రి ఎంత వణికించినా మధ్యాహ్నం ఎండ కాస్తుంది. నాచు పెరగడం నెమ్మదిస్తుందే కానీ ఆగదు. కదలని నీళ్లలో క్లోరిన్ కూడా లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. గోరువెచ్చని వాతావరణంలో అవి వారం, పది రోజుల్లోనే ఎగిరే దోమలవుతాయి. ఇబ్బంది మీకే కాదు, పక్కింటివాళ్లకి కూడా.

మరి ఏం చేయాలి? ఎండాకాలంలో పంపు రోజుకి 8 గంటలు నడిపితే ఇప్పుడు 4 గంటలు చాలు. ఎండ తీవ్రత తక్కువ కాబట్టి క్లోరిన్ కూడా త్వరగా తగ్గిపోదు. మందు తక్కువే పడుతుంది. అయితే అంచనాతో వేయొద్దు. వారానికోసారి టెస్ట్ కిట్‌తో చూసుకోండి. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. గోడలు బ్రష్‌తో రుద్దాలి. పక్కన బాదం చెట్టుంటే మాత్రం రాలిన ఆకులు రోజూ తీయాల్సిందే, లేదంటే నీళ్లు టీ రంగులోకి మారతాయి.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు వస్తుంది. ఒకే మగ్గుతో రెండూ తీయడం కూడా ప్రమాదమే.

ఇక ఇంట్లో చిన్నపిల్లలుంటే.. ఎవరూ ఈత కొట్టని ఈ రోజుల్లోనే పూల్ మీద మన కన్ను ఉండదు. పచ్చబడిన నీళ్లలో అడుగున ఏముందో కనిపించదు. వదులుగా కప్పిన టార్పాలిన్‌ని పిల్లలు నేల అనుకుని కాలు పెట్టే ప్రమాదముంది. అందుకే చుట్టూ కంచె, దానికి పిల్లల చేతికి అందనంత ఎత్తులో గడియ ఉందో లేదో ఇవాళే చూసుకోండి.