పంటను నిలుపుకొను శక్తి

2023 జూలైలో టమాటా ధర కిలో నూరు రూపాయలను మించినప్పుడు పట్టణవాసులు గగ్గోలు పెట్టిరి. కొలది వారములు గడచునంతలో ఆ ధరయే కొన్ని రూపాయలకు దిగజారగా, కోతకూలి సయితము గిట్టక రాయలసీమ రైతులు కాయలను దారిప్రక్కల పారబోసిరి. ఒకనాడు తినువాడును, మరియొకనాడు పండించువాడును దుఃఖించిరి. ఈ రెండు దుఃఖములకును మూలమొక్కటియే.

పొలమునుండి వంటయింటివరకు సరకు నడచు మార్గమునంతటిని నేడు సరఫరా గొలుసని వ్యవహరించుచున్నారు. కోత, తరగతులుగా వేరుచేయుట, గిడ్డంగి, లారీ, వేలము, చిల్లర దుకాణము దాని లంకెలు. ఏ లంకె యెవని వశమున నుండునో, అచ్చటి లాభము వానిదే యగును.

టమాటా నిలువయుండని పంట. కావున రైతు ఓడిపోయెనని కొందరందురు. మరి గుంటూరు మిర్చి మాటయేమి? ఎండుమిరపకాయ శీతల గిడ్డంగిలో రంగు చెడక నెలల తరబడి నిలుచును. అయినను 2025 ఫిబ్రవరిలో ధర పడిపోగా కేంద్ర ప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలుగా ధర నిర్ణయింపవలసి వచ్చెను. గుంటూరు చుట్టుప్రక్కల శీతల గిడ్డంగులకు కొదువలేదు. సరకు నిలుచును గాని, అప్పు గడువు నిలువదు. పెట్టుబడి తీర్పవలసిన చిన్నరైతు, అందును కౌలుదారు, కల్లములోనే అమ్ముకొనును, వేచియుండగలవాడు లాభమందును. ఇందులకు వర్తకుని దూషించుట మా యభిమతము కాదు. అతడు ధనము మదుపుపెట్టి నష్టభయమును భరించుచున్నాడు. రైతు చేతికిని అట్టి శక్తి రావలెననియే మా వాదము.

సాధనములు లేకపోలేదు. 2007 నాటి గిడ్డంగుల చట్టము ప్రకారము, నమోదైన గిడ్డంగిలో పంటనుంచిన రైతు దాని రసీదును బ్యాంకునకు తాకట్టుపెట్టి రుణము పొందవచ్చును. మంచి ధర వచ్చినప్పుడు అమ్ముకొనవచ్చును. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ విపణిలో తొలుత చేరిన యార్డులలో మన నిజామాబాదు ఒకటి. 2020 సెప్టెంబరు 9న అనంతపురమునుండి ఢిల్లీకి కిసాన్ రైలు పండ్లతో బయలుదేరెను. లారీ యెచ్చట నున్నదో, లోపలి చల్లదన మెంతయో చేతిలోని ఫోనే తెలుపుచున్నది. ఏ పట్టణమున ఏ వారము ఎంత సరకు అమ్ముడగునో పెద్ద వర్తక సంస్థలు కంప్యూటరు లెక్కలతో ముందుగనే అంచనా కట్టుచున్నవి.

రాబోవు కాలమున అసలు పోటీ ఇచ్చటనే యున్నది. కొనువానికి గిరాకి తెలిసి, విత్తువానికి తెలియనిచో, ఎన్ని యంత్రములు వచ్చినను ఆ గొలుసు రైతునకు సంకెలయే యగును. ఒంటరి రైతు ఈ విజ్ఞానమును గాని, గిడ్డంగిని గాని సంపాదింపజాలడు. సంఘము సంపాదింపగలదు. పాలకంటె త్వరగా చెడు సరకు మరేది? అయినను 1946లో గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు సహకార సంఘమును స్థాపించి, ఊరూర పాలు సేకరించి, తామే శుద్ధిచేసి, తామే అమ్మిరి. ఆ ఆనంద్ పట్టణపు ఉద్యమము నేడు అమూల్ పేర దేశమంతట విఖ్యాతము. వారు ముందుగా పట్టుకొనినది యంత్రమును కాదు, గొలుసు కొనను.

దేశమున 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పు పథకము 2020లో వెలువడెను. అవి కాగితములపై పేర్లుగా మిగులరాదు. భూస్వాములారా, మీ మూలధనమును మీ యూరి సంఘపు గిడ్డంగిలో వాటాలుగా పెట్టుడు. మీ కౌలుదారుకు అందు సమాన స్థానమిండు. పట్టణ సోదరులారా, సంఘపు సరకును నేరుగా కొనుడు. బ్యాంకులు గిడ్డంగి రసీదును కౌలుదారు చేతిలోనున్నను గౌరవింపవలెను. పంటను పండించుట మన రైతు నేర్చినదే. దానిని నిలుపుకొను శక్తిని సమకూర్చుట మనయందరి విధి.