క్రోషే పువ్వు గిన్నెలా ఎందుకు ముడుచుకుంటుంది? మీకు తెలుసా?

హైదరాబాద్ పాతబస్తీ ఆరి సూదికీ, క్రోషే సూదికీ చుట్టరికం ఉందని మీకు తెలుసా? శాలిబండ చుట్టుపక్కల కార్చోబ్ అనే చట్రం ముందు కూర్చుని మగ్గం పని చేసే కారీగర్ల ఆరికి కొనలో చిన్న కొక్కెం ఉంటుంది. బిగించిన గుడ్డ కింద నుంచి దారాన్ని పైకి లాగి, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు తీస్తూ గొలుసు కుట్టు వేస్తారు. ఈ పద్ధతే 18వ శతాబ్దంలో తూర్పు నుంచి యూరప్ చేరి టాంబూర్ పని అయిందనీ, తర్వాత గుడ్డ లేకుండా దారాన్ని గాల్లోనే అల్లడంతో క్రోషే పుట్టిందనీ పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

అందుకే రెండింటికీ ఒకే గుణం: చివరి ఉచ్చును ముడివేయకపోతే, దారం లాగగానే వరసంతా ఊడివస్తుంది. క్రోషేలో తప్పు దిద్దడానికి ఇంతకంటే మంచి దారి లేదు. తప్పు పడిన చోటి దాకా విప్పి, అక్కడి ఉచ్చుకు పిన్నీసు పెట్టి, మళ్లీ అల్లుకోవాలి. కత్తెరతో పని లేదు.

తప్పు పడిందని ఎలా తెలుస్తుంది? గుండ్రంగా అల్లిన పువ్వు గిన్నెలా ముడుచుకుంటే కుట్లు తక్కువైనట్టు, అంచు కుచ్చిళ్లు పడితే ఎక్కువైనట్టు. ఇది లెక్క విషయం. సింగిల్ క్రోషే కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. వరస వరసకూ వృత్తం వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరిగితే, చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి. అందుకే ప్రతి వరసలో 6 కుట్లు పెంచుతారు. హాఫ్ డబుల్‌కు 8, ఇంకా పొడుగైన డబుల్ క్రోషేకు 12. ముడుచుకున్న పువ్వును ఇస్త్రీతో చదును చేయాలని చూస్తే ఒక్కసారి ఉతకగానే మళ్లీ ముడుచుకుంటుంది, విప్పడమే మేలు. పువ్వు చదునుగానే ఉండి ఆరు మూలలు తేలితే మాత్రం లెక్క సరైనదే. పెంచే కుట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అంతే. వరసకో చోటుకు జరపండి.

లెక్క ఎక్కడ తప్పుతుంది? చాలాసార్లు వరస కలిపే చోట. డబుల్ క్రోషే వరస మొదట్లో వేసే 3 గొలుసులను సాధారణంగా ఒక కుట్టుగా లెక్కిస్తారు. కలిపే స్లిప్ కుట్టును లెక్కించరు. మొదటి రెండు వరసలు ఎంచి చూసుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

చదరపు పువ్వు ఒక పక్కకు మెలి తిరుగుతోందా? ప్రతి వరసకూ పనిని వెనక్కి తిప్పి అల్లండి. పువ్వు చెప్పిన కొలత కంటే పొడుగ్గా వస్తే నమూనా ఏ దేశానిదో చూడండి: బ్రిటన్ నమూనాలో డబుల్ క్రోషే అంటే అమెరికా వాళ్ల సింగిల్ క్రోషే.

ఈ లెక్కల విలువ నరసాపురం లేసు స్త్రీలకు బాగా తెలుసు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పిన ఆ అల్లికకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఒకరు పువ్వులు అల్లితే, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. ఒక్క పువ్వు కొలత తప్పినా టేబుల్ క్లాత్ లాగేస్తుంది. వాళ్ల మీద 1982లో పుస్తకం రాసిన జర్మన్ సామాజికవేత్త మరియా మీస్, వాళ్లకు ముక్కల లెక్కన దక్కే కూలి ఎంత తక్కువో చూపించారు. ముక్కకే కూలి అయినప్పుడు, విప్పి మళ్లీ అల్లిన గంటలకు ఎవరూ డబ్బివ్వరు. లేసు బేరమాడే ముందు ఆ గంటలనూ లెక్కలో వేసుకోవాలి.

లెక్క సరిగ్గానే ఉన్నా చేతి బిగువు వల్ల కొలత తేడా వస్తే కుట్లు మార్చకండి, సూది సైజు మార్చండి. నూలు పువ్వునైతే తడిపి, కొలతకు లాగి, గుండుసూదులు గుచ్చి ఆరబెట్టండి. యాక్రిలిక్ దారానికి వేడి ఇస్త్రీ తగలనివ్వకండి. కరిగి చచ్చుబడిన దారం మళ్లీ మామూలు కాదు.