ఆట పోయినా పత్రిక మిగిలింది

1981వ సంవత్సరం చివరి నెలల్లో, కొద్ది వారాల వ్యవధిలో, తెరపై ఆడే ఆటలకే ప్రత్యేకించిన మూడు పత్రికలు ఆంగ్లంలో వెలువడ్డాయి. బ్రిటన్‌లో ‘కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్’ నవంబరు సంచికతో, అమెరికాలో ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’ శీతాకాల సంచికతో, ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ నవంబరు-డిసెంబరు సంచికతో మొదలయ్యాయి. ఆ తర్వాతి పాతికేళ్లలో ఇటువంటి పత్రికలు పలు దేశాల్లో వందల సంఖ్యలో పుట్టి, పిల్లల చేతుల్లో నలిగి, చివరికి చిత్తుకాగితాల ధరకు తూకానికి వెళ్లిపోయాయి. వాటిని చందా కట్టి తెప్పించి, బైండు చేయించి దాచదగిన సాహిత్యంగా చాలా గ్రంథాలయాలు పరిగణించలేదు కాబట్టి, ఎన్నో సంచికలు నేడు కొద్దిమంది సేకర్తల అటకల మీద తప్ప మరెక్కడా దొరకవు. ఆ సంచికలను పుట తరవాత పుటగా స్కాన్ చేసి డిజిటల్ రూపంలో భద్రపరిచే పని గత రెండు దశాబ్దాలుగా, ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగా, సాగుతోంది. దీన్ని చిన్ననాటి జ్ఞాపకాల మీది మమకారంగా మాత్రమే చూడటం తగదు. ఒక కొత్త కళ, దాని వెంట ఒక పెద్ద పరిశ్రమ ఎలా పుట్టి పెరిగాయో చెప్పే ప్రాథమిక ఆధారాలు, అంటే ఆ కాలంలోనే ఆ రంగంలో ఉన్నవారే వదిలిన రాతలు, చాలావరకు ఈ పుటల్లోనే ఉన్నాయి.

ఆటల కంటే ఆటల పత్రికలే గట్టి ఆధారమని చెప్పడం మొదట వింతగా తోచవచ్చు. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ కలిసి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు మార్కెట్లో కొనుక్కోవడానికి దొరకవు. ఆట బతకాలంటే అది నమోదైన టేపు గానీ డిస్కు గానీ అయస్కాంత శక్తిని కోల్పోకుండా ఉండాలి, దాన్ని చదివే యంత్రం పనిచేయాలి, ఆ యంత్రానికి తగిన తెర, మీటలు అమరాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆట మూగబోతుంది. పత్రిక చదవడానికి వెలుతురు ఉంటే చాలు. పైగా ఆట తనంతట తాను చెప్పలేని సంగతులు, అంటే అది ఏ ధరకు అమ్ముడైంది, ఏ ఆటతో పోటీపడింది, ఆడినవారు దేన్ని మెచ్చి దేన్ని తిట్టారు అన్నవి, పత్రిక ద్వారానే తెలుస్తాయి.

‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. బాప్టిస్టు చర్చిలో బోధకుడిగా పనిచేసి ఆ వృత్తి వదిలేసిన రసెల్ సైప్, కంప్యూటర్ ఆటలకంటూ ఒక పత్రిక లేదని గమనించి దీన్ని కాలిఫోర్నియాలో స్థాపించాడు. అమెరికాలో వీడియో గేమ్ వ్యాపారం 1983లో కుప్పకూలిన తరవాత ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’ వంటి పత్రికలు ఆగిపోగా ఇది నిలదొక్కుకుంది. 1993లో జిఫ్ డేవిస్ సంస్థ చేతికి వెళ్లి, 2006 నవంబరు దాకా, మొత్తం 268 సంచికలు వెలువరించింది. పత్రిక మూతపడుతున్న వేళలోనే దాని మొదటి 100 సంచికలు, సుమారు 7,400 పుటలు, పదాల వారీగా వెతుక్కోగల రూపంలో పాఠకులకు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. ఆ పుటలన్నిటినీ సిద్ధం చేసింది ప్రచురణ సంస్థ కాదు, ఒక సేకర్త. ప్రచురణకర్త అనుమతి, అభిమాని శ్రమ ఒకచోట కలిసిన ఇటువంటి సందర్భాలు ఈ రంగంలో అరుదు.

పుటల్లో ఏముందో దగ్గరగా చూస్తే ఈ శ్రమ విలువ బోధపడుతుంది. ఇంగ్లండులో లడ్లో అనే చిన్న పట్టణం నుంచి న్యూస్‌ఫీల్డ్ సంస్థ 1984లో ‘క్రాష్’ను, 1985లో ‘జాప్ 64’ను ప్రారంభించింది. వాటి ముఖచిత్రాలను ఆలివర్ ఫ్రే చేతితో చిత్రించేవాడు. తెరపై కొన్ని చతురస్రాలుగా మాత్రమే కనిపించే వీరుడికీ రాక్షసుడికీ ముఖమూ కండలూ ఇచ్చింది ఆ బొమ్మలే. 1985లో ఆండ్రూ బ్రేబ్రుక్ అనే ప్రోగ్రామరు ‘పారాడ్రాయిడ్’ అనే ఆటను తయారుచేస్తూ, ఏ రోజు ఏ భాగం కుదిరిందో ఏది కుదరలేదో దినచర్యగా రాయగా ‘జాప్ 64’ దాన్ని ధారావాహికగా ప్రచురించింది. ఆట పూర్తయ్యాక గుర్తు చేసుకుని చెప్పిన ముచ్చట కాదది. ఆట ఇంకా రూపు కట్టకముందే, ఫలితం తెలియని స్థితిలో రాసిన రాత. చరిత్రకారుడికి ఇంతకంటే విలువైన పత్రం దొరకడం కష్టం. న్యూస్‌ఫీల్డ్ 1991లో దివాలా తీసింది. అటువంటి సంస్థల విషయంలో పాత సంచికల బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఆచరణలో ఒకటే జవాబు మిగులుతుంది: ఎవరి దగ్గర ఉంటే వారిది.

ఇక 1980లలోని పత్రికల్లో వ్యాసాలతోపాటు సాక్షాత్తూ ఆటలే అచ్చయ్యేవి. బేసిక్ భాషలో రాసిన ప్రోగ్రామును వరుస సంఖ్యలతో పుటల కొద్దీ ముద్రిస్తే, పాఠకుడు ఇంట్లో కూర్చుని అక్షరం అక్షరం కంప్యూటర్లో టైపు చేసుకుని ఆడుకునేవాడు. ఒక్క కామా తప్పినా ఆట నడవదు. ఈ బాధ తప్పించడానికి అమెరికా పత్రిక ‘కంప్యూట్’ 1983 అక్టోబరులో ‘ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్’ అనే చిన్న ప్రోగ్రామును ప్రకటించింది. ముద్రించిన ప్రతి వరుస చివరా ఒక సంఖ్య ఉండేది. పాఠకుడు ఆ వరుసను టైపు చేయగానే యంత్రం అందులోని అక్షరాల విలువలను కూడి ఒక సంఖ్యను చూపేది. రెండూ సరిపోతే వరుస తప్పులేకుండా పడినట్టు లెక్క. ఇలా సమాచారం చెడకుండా ఉందో లేదో తేల్చే సంఖ్యను చెక్‌సమ్ అంటారు. నలభై ఏళ్ల కిందట పిల్లల వేళ్ల తప్పులు పట్టుకోవడానికి అచ్చువేసిన ఆ సంఖ్యలు నేడు మరో పనికి వస్తాయి. స్కాన్ చేసిన బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను ఓసీఆర్ అంటారు. అది సున్నాను ‘ఓ’ అక్షరంగానూ, ఎనిమిదిని ‘బి’గానూ పొరపడటం తరచూ జరుగుతుంది. మామూలు వ్యాసంలో అయితే చదివేవారు సర్దుకుంటారు, ప్రోగ్రాములో సర్దుబాటుకు తావులేదు. అక్కడ ఆ పాత చెక్‌సమ్ సంఖ్యలే తప్పు పడిన వరుసను వేలెత్తి చూపగలవు. కూడిక మీద ఆధారపడిన తొలి పద్ధతి రెండు అక్షరాలు తారుమారైతే పట్టుకోలేదు గానీ, ఒక అక్షరానికి బదులు మరొకటి పడితే పట్టుకుంటుంది, ఓసీఆర్ చేసే తప్పులు ఎక్కువగా ఆ రకమే. వరుస చివరి సంఖ్యలను అనవసరమని కత్తిరించిన స్కాను ఈ మేలును పోగొట్టుకున్నట్టే.

స్కాన్ చేయడమంటే పుటను గాజు మీద బోర్లించి మీట నొక్కడం కాదు. సెంటర్ పిన్నింగ్ చేసిన పత్రిక అయితే తుప్పు పట్టిన పిన్నులను కాగితం చిరగకుండా విప్పాలి. వెన్నుకు జిగురు పోసి అంటించిన పర్ఫెక్ట్ బైండింగ్ పత్రిక అయితే వేడిగాలితో జిగురును మెత్తబరిచి పుటలను ఒక్కొక్కటిగా వేరుచేయాలి, లేదా కటింగ్ మెషీన్ కింద పెట్టి వెన్నును కోసేయాలి. కోస్తే పని వేగంగా సాగుతుంది గానీ వెన్ను వైపు కొన్ని మిల్లీమీటర్ల అచ్చు పోతుంది, సంచిక మళ్లీ సంచికగా మిగలదు. కోయకుండా విప్పార్చి స్కాన్ చేస్తే మడత దగ్గర అక్షరాలు వంగి నీడలో మునుగుతాయి, రెండు పుటల మీద పరుచుకున్న బొమ్మ నడుమ భాగం కనిపించదు. ఎన్నో ప్రతులు మిగిలిన సంచికను కోయవచ్చు, ఒకటి రెండు ప్రతులే తెలిసిన సంచికను కోయకూడదు అన్నది సబబైన నియమం. ఒక ప్రతిని బలిచ్చే ముందు దానికి మరో ప్రతి ఉందని రూఢి చేసుకోవడం కనీస మర్యాద.

విడదీసిన పుటలతో మరికొన్ని చిక్కులు ఎదురవుతాయి. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ ముద్రణలో బొమ్మ నిజానికి నీలం, మెజెంటా, పసుపు, నలుపు చుక్కల వరుసల సమ్మేళనం. స్కానరు కూడా పుటను చుక్కల గళ్లుగానే చదువుతుంది. ఈ రెండు గళ్లూ ఒకదానితో ఒకటి కలవక బొమ్మ మీద అలలవంటి చారలు తేలుతాయి. వీటిని మోరే చారలంటారు. అంగుళానికి 600 చుక్కల సాంద్రతతో స్కాన్ చేసి, ముద్రణ చుక్కలను సాఫ్ట్‌వేర్‌తో మెత్తబరిచి, ఆ తర్వాతే పరిమాణం తగ్గిస్తే ఈ దోషం చాలావరకు తొలగుతుంది. పలుచని కాగితానికి వెనక పుటలోని అచ్చు తెల్లటి నేపథ్యం మీద ముందుకు కనబడుతుంది. వెనక నల్లని అట్ట పెడితే ఆ మరక అణుగుతుంది. కాగితాలను తనంతట తాను లాక్కునే స్కానరులో గాజు మీద ఒక్క ధూళికణం నిలిచినా, ఆ తర్వాత వెళ్లిన ప్రతి పుట మీదా పైనుంచి కిందిదాకా సన్నని నిలువు గీత పడుతుంది; దాన్ని యాభయ్యో పుట దగ్గర గమనిస్తే యాభై పుటలూ మళ్లీ చేయవలసిందే. మడతపెట్టిన పోస్టర్లను ముక్కలుగా స్కాన్ చేసి కలపాలి. పత్రికతో పాటు ఇచ్చిన క్యాసెట్టునూ డిస్కునూ వేరే యంత్రాలతో నకలు తీసి సంచికతో జతచేయాలి.

పుటకు పుట, అట్ట నుంచి అట్ట దాకా ఏదీ వదలకుండా స్కాన్ చేయాలన్నది ఈ రంగంలో రాజీపడకూడని సూత్రం. స్థలం ఆదా కోసం ప్రకటనలను, చందా కార్డులను తీసేసిన స్కానులు చరిత్రకు అర్ధసత్యాలే అందిస్తాయి. పోస్టు ద్వారా ఆటలు అమ్మే దుకాణం చిన్న అక్షరాల ధరల పట్టిక, ఎన్నడూ విడుదల కాని ఆటకు ముందే ఇచ్చిన రంగుల ప్రకటన వంటివన్నీ మరెక్కడా నమోదు కాని సమాచారం. ఈ సంపూర్ణతకు చట్టంలోనూ ఒక అండ ఉండటం విశేషం. విడి వ్యాసాలను పత్రిక నుంచి వేరుచేసి ఎలక్ట్రానిక్ సంచయాల్లో పెట్టాలంటే స్వతంత్ర రచయితల అనుమతి కావాలని అమెరికా సుప్రీంకోర్టు 2001లో టసీనీ కేసులో తేల్చింది. కాగా ‘నేషనల్ జియోగ్రాఫిక్’ తన పాత సంచికలను పుటల బొమ్మలుగా, అచ్చయిన తీరు చెదరకుండా విడుదల చేయడం ఒప్పేనని 2008లో గ్రీన్‌బర్గ్ కేసులో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది.

అయితే ఆ తీర్పు ప్రచురణకర్తలకు వర్తించేదే తప్ప అభిమానులకు రక్షణ కాదు. అమెరికాలో సంస్థల పేరిట ప్రచురితమైన రచనలకు కాపీరైట్ 95 ఏళ్లు ఉంటుంది కాబట్టి, 1981 నాటి సంచిక అందరి సొత్తు అయ్యేది 2077 జనవరి 1న. అప్పటిదాకా ఆగితే స్కాన్ చేయడానికి కాగితం మిగలదు. 1988 నుంచి 2012 దాకా నడిచిన ‘నింటెండో పవర్’ సంచికల స్కానులను నింటెండో సంస్థ అభ్యంతరంతో 2016లో ఇంటర్నెట్ ఆర్కైవ్ తొలగించవలసి వచ్చింది. హక్కు ఆ సంస్థదే, సందేహం లేదు. కానీ తాను అమ్మని, మళ్లీ అచ్చువేయని సంచికలను పరిశోధకులకు దూరం చేయడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. కాలిఫోర్నియాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2025 జనవరిలో 1,500కు పైగా పాత సంచికలను పదాలతో వెతకగలిగే డిజిటల్ గ్రంథాలయంగా తెరవడం ఇటీవలి కాలంలో అత్యంత ఆశాజనకమైన పరిణామం. ఒక్కచోట దాస్తే మాత్రం చాలదు. 33 ఏళ్లు నడిచిన ‘గేమ్ ఇన్‌ఫార్మర్’ 2024 ఆగస్టులో మూతపడగానే, తర్వాతి ఏడాది మళ్లీ ప్రాణం పోసుకునేదాకా, దాని వెబ్‌సైటులోని రాతలన్నీ మాయమయ్యాయి. 2024 అక్టోబరులోనే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైబర్ దాడికి గురై కొన్నాళ్లు అందుబాటులో లేకుండా పోయింది.

తెలుగువారికి ఈ పని పద్ధతి కొత్తది కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపించిన పది లక్షల పుస్తకాల డిజిటలీకరణ పథకంలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రం. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత తెలుగు పత్రికలతోనే నేడు ఎంతో పరిశోధన సాగుతోంది. కానీ ఆ శ్రద్ధ కంప్యూటర్ యుగపు పత్రికల దాకా రాలేదు. ‘డిజిట్’ పత్రిక వారు ఆటల కోసం వెలువరించిన ‘స్కోర్’, ఆటలకే పరిమితం కాకపోయినా తెలుగు పాఠకులకు కంప్యూటర్ నేర్పిన ‘కంప్యూటర్ ఎరా’ వంటి పత్రికల పాత సంచికలు ఇళ్లలో అక్కడక్కడా మిగిలి ఉండవచ్చు. 2012లో సవరించిన భారత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, తమ వద్ద ఉన్న ముద్రిత ప్రతిని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకునే వీలును లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయాలకు కల్పించింది. అటువంటి సంచికలు ఇంట్లో ఉన్న పాఠకులు వాటిని తూకానికి వేయకుండా, అంటించి ఇచ్చిన సీడీలను విడదీయకుండా, స్కాన్ చేసి భద్రపరుస్తామని ఒప్పుకునే గ్రంథాలయానికి అప్పగించాలి. గ్రంథాలయాలు కూడా వాటిని పిల్లల పత్రికలని పక్కన పెట్టకుండా తీసుకోవాలి.