గుర్రమునకు గిట్టయే ఆధారము

గుర్రము నిలుచుండియే నిద్రించునని మనమందరము చిన్ననాట విన్నదే. కనుక పట్టపగలు, మేత ముందున్నను ముట్టక, ఒక గుర్రము నేలపై పండుకొని మూల్గుచుండుటను చూచినచో, గుర్రముల సంగతి బొత్తిగా తెలియనివారికి సైతము మనస్సు చివుక్కుమనును. గత మాఘమాసమున, తార్నాక నుండి లాలాగూడ వైపు పోవు ఒక సందులో మేము చూచిన దృశ్యమది.

ఆ గుర్రము పేరు ముత్యాలు. పేరునకు తగినట్లే తెల్లని ఆడుగుర్రము. పదేండ్లుగా పెండ్లి ఊరేగింపులలో వరులను మోయుచున్నది. దాని యజమానుని తాత ఝట్కా తోలినాడు, తండ్రి తోలినాడు. ఝట్కాలు పోయిన పిమ్మట ఆ ఇంట మిగిలినది ఈ గుర్రమొక్కటే. ఉదయపు నడకకు విశ్వవిద్యాలయపు బాటలకు పోవునప్పుడు దీనిని పగ్గముపట్టి నడిపించుకొనిపోవు ఆ మనిషితో మాకు పరిచయము కలిగినది. నాటి ఉదయము ఆయన మమ్ము దారిలో ఆపి ఇంటికి తీసికొనిపోయెను.

"సారూ, నిన్న పొద్దుగాల్ల సంది గిట్లనే ఉన్నది. ముందటి కాళ్ళు సాపి ఎనుకకు ఒరుగుతున్నది. నడిపిస్తె సర్దుకుంటదని నాలుగు మాట్ల నడిపిచ్చిన. పెండ్లోళ్ళు బెల్లం పెట్టిన్రు, శెనగలు పెట్టిన్రు. ఇంటికి వచ్చినంక నేను ఉలవ గుగ్గిళ్ళు ఇంకో గంపెడు పెట్టిన. బిడ్డకు నేనేం తక్కువ చేసిన?"

ఆయన తక్కువ చేసినదేమియు లేదు. వచ్చిన చిక్కెల్ల ఎక్కువ చేయుటలోనే వచ్చినది. ఆ జబ్బును ఇంగ్లీషు వైద్యులు లామినైటిస్ అందురు. గిట్టలోపలి పొరల వాపు అని మనము చెప్పుకొనవచ్చును. గుర్రములకు ప్రాణాంతకమైన వ్యాధులలో కడుపునొప్పి తరువాత మిక్కిలి భయపడవలసినది ఇదియే.

గిట్ట యనగా నేమి? మన మధ్యవ్రేలి గోరు పెరిగి పెరిగి వ్రేలి కొననంతయు కప్పివేసినదనుకొనుడు. ఆ ఒక్క వ్రేలి కొనపై మనము నిలిచి పరుగెత్తుచున్నామనుకొనుడు. గుర్రము చేయుచున్నది అక్షరాల అదే. గిట్ట లోపల ఒక ఎముక కలదు. అది గిట్ట అడుగున ఆనుకొని కూర్చున్నది కాదు. గిట్టగోడకు లోపలి వైపున వ్రేలాడుచున్నది. ఎముకనంటిన పలుచని పొరలు సుమారు 600, గోడనంటిన పొరలు అన్నియే, ఒక పుస్తకపు పుటలను మరొక పుస్తకపు పుటలలోనికి జొనిపినట్లు ఒకదానిలోనొకటి ఇమిడియుండును. ఆ పట్టుమీదనే గుర్రపు బరువంతయు నిలుచును. అందులోను దాదాపు అరువది పాళ్ళు ముందుకాళ్ళదే భారము. ఈ పొరలు వాచి, పట్టు సడలినప్పుడు, లోపలి ఎముక క్రిందికి ఒరుగును. గోరు చివుళ్ళలో ముల్లు గ్రుచ్చుకొన్న బాధ మనకు తెలియును. ఆ బాధతో 350 కిలోగ్రాముల బరువును మోయుట ఎట్టిదో ఊహించుకొనవలసినదే. ముత్యాలు ముందుకాళ్ళు చాచి వెనుకకు ఒరుగుట అందుకే. ముందుగిట్టల మొనలపై బరువు పడకుండ తప్పించుకొనుచున్నది.

మరి బెల్లమునకు, శెనగలకు, గిట్టకు సంబంధమేమి? ఈ ప్రశ్న మేమును వైద్యుని అడిగితిమి. గుర్రము గడ్డి మేయుటకు పుట్టిన జంతువు. దాని ఉదరము చిన్నది, ప్రేగులు పెద్దవి. కొంచెము కొంచెముగా రోజంతయు మేయుట దాని ధర్మము. ఒకేసారి గంపెడు గింజలు పెట్టినచో అందులోని పిండిపదార్థము చిన్నప్రేగులలో అరుగక పెద్దప్రేగులోనికి జారి పులియును. అక్కడి సూక్ష్మజీవులు చచ్చి, వాని విషము రక్తములో కలియును. ఇది ఒక దారి. రెండవ దారి క్రొత్తగా తెలిసినది. 2007లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు ఆరోగ్యముగానున్న పొట్టిగుర్రములకు మూడు దినముల వరకు ఇన్సులిన్ ఎక్కించి చూచిరి. గింజ ఒక్కటైనను అదనముగా పెట్టకయే వానికి ఈ గిట్టవాపు వచ్చినది. తీపి ఎక్కువై, ఒళ్ళు బలిసి, పని తగ్గిన గుర్రమున ఇన్సులిన్ హద్దు మీరును. ఆ హద్దు మీరుటయే గిట్టను తినివేయునని నేడు వైద్యులు చెప్పుచున్నారు. మన ఇండ్లలో చక్కెరవ్యాధి గలవారికి పాదములు ఎట్లు చెడునో ఎరిగినవారికి ఇది మరీ వింతగా తోచదు, కాని రెండును ఒకే వ్యాధియని మాత్రము పొరబడరాదు.

దీనిని ప్రాచీనులు గుర్తింపకపోలేదు. గ్రీకులు దీనిని యవల జబ్బు అనిరి. గుర్రములను గురించి వ్రాసిన జెనొఫన్ క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దముననే యవలు మితిమీరుటను గూర్చి హెచ్చరించెను. మన దేశమున శాలిహోత్రుని పేర అశ్వవైద్యము వర్ధిల్లినది. ఆ పేరే ఉర్దూలో సాలోత్రి యను మాటగా మిగిలి, మొన్న మొన్నటి వరకు హైదరాబాదులో గుర్రపు వైద్యునికి బిరుదై యుండెను. తెలుగులో మనుమంచిభట్టు అశ్వశాస్త్రమును పద్యములలో రచించెను.

శాస్త్రమున్నంత మాత్రమున గుర్రములు బ్రతికినవని కాదు. పదమూడవ శతాబ్దపు చివర దక్షిణ తీరమునకు వచ్చిన మార్కోపోలో, మాబార్ అను పాండ్యదేశమునకు అరబ్బు దేశముల నుండి ఏటేట వేల గుర్రములు దిగుమతి యగుననియు, ఏడాది తిరుగునప్పటికి వానిలో నూరైనను మిగులవనియు వ్రాసెను. ఉడికించిన అన్నమును మాంసమును పెట్టెదరట. గుర్రమును చూచుకొను విధము తెలియదట. అమ్మకము తగ్గిపోవునని వర్తకులు గుర్రపు వైద్యులను వెంట తేరట! విదేశీయుని మాట గనుక కొంత తగ్గించి తీసికొనవలెను. అయినను అన్నము పెట్టినది ద్వేషముతో కాదు గదా. తాము తిను మేలైన తిండినే వారు గుర్రమునకును పెట్టిరి. విజయనగర చరిత్ర వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ చెప్పిన సంగతి ఇంకను విచిత్రము. సాళువ నరసింహరాయలు గుర్రములను చచ్చినవైనను బ్రతికినవైనను ఒకే వెలకు కొనెడివాడట. ఓడలో చచ్చినదాని తోక మాత్రము తెచ్చి చూపిన చాలు, వెల చెల్లించెడివాడట.

ఇక మన తార్నాకకు వత్తము. విశ్వవిద్యాలయము వెలసిన అడిక్‌మెట్ భూములు ఒకప్పుడు మహలఖాబాయి చందా జాగీరులోనివి. 1768లో జన్మించి 1824లో గతించిన ఆ కవయిత్రి గుర్రపుస్వారిలో కూడ ఆరితేరినదని ప్రసిద్ధి. అటువంటి నేలపై నేడు ఒక గుర్రమునకు వైద్యుని వెదకుట కష్టమైనది. హైదరాబాదులో పశువైద్య కళాశాల 1946 నుండి కలదు, నేడది రాజేంద్రనగరులో నున్నది. అచట చదివి ఉద్యోగవిరమణ చేసిన ఒకరు మా మాట మన్నించి అదే సాయంకాలము వచ్చిరి.

వారు వచ్చి మొదట చేసినది మందిచ్చుట కాదు. నడిపింపవద్దనిరి. ఇది పాతకాలపు అలవాటునకు విరుద్ధము. నడిపించిన రక్తము ఆడునని మన సాయీసులందరు నమ్ముదురు. పట్టు సడలిన పొరలు అడుగడుగునకు మరికొంత చినుగునని ఆయన చెప్పిరి. తరువాత గిట్టపై చేయి ఉంచి వేడి చూచిరి. మడమకు పైన, కాలి ఇరుప్రక్కల రక్తనాళమును వ్రేళ్ళతో నొక్కి చూడుమని మాకును చూపిరి. ఆరోగ్యముగల గుర్రమున ఆ నాడి దొరకుటయే కష్టము. ముత్యాలు కాలిలో అది సుత్తితో కొట్టినట్లు కొట్టుకొనుచుండెను. గుర్రము గల ప్రతి ఇంటివారును ఈ నాడిని పట్టుట నేర్చుకొనదగును. కుంటుట కన్న ముందే అది చెప్పును.

పిదప మంచుగడ్డలు తెప్పించిరి. రెండు ముందుకాళ్ళకు మోకాలి క్రిందివరకు మంచునీరు నిండిన రబ్బరు సంచులు కట్టి, కరగిన కొలది మంచు వేయుచు, రెండు పగళ్ళు రెండు రాత్రులు తెంపు లేకుండ ఉంచవలెనని చెప్పిరి. ఒక గంట ఉంచి తీయుట వలన ప్రయోజనము లేదు. వ్యాధి ఆరంభమున, వీలైనచో కుంటు మొదలు కాకమునుపే చేసిన చలువ పొరలను కాపాడును. ఆలసించిన కొలది దాని ఫలము తగ్గును. ఒక దినము అప్పటికే గడచిపోయినది. కోళ్ళఫారము నుండి వరిపొట్టు, కలపమిల్లు నుండి రంపపు పొట్టు తెచ్చి జానెడు మందమున పరచితిమి. మెత్తనైనచో పండుకొనును, పండుకొన్నంతసేపు గిట్టకు విశ్రాంతి.

మేత సంగతియే ఆ ఇంటివారికి అన్నింటి కన్న కష్టమైనది. ఉలవలు లేవు, బెల్లము లేదు, తవుడు లేదు. ఎండుగడ్డిని గంటసేపు నీట నానబెట్టి, తీపి కారిపోయిన పిమ్మట, ఆ నీరు పారబోసి పెట్టవలెను. అదియును తూచి. అట్లని పూర్తిగా మాన్పరాదు; పస్తుంచిన గుర్రమునకు వేరు చిక్కులు వచ్చును. ఇంటి ముసలమ్మ రాత్రివేళ దొంగతనముగా ఒక బెల్లపుముక్క పెట్టినదని మరునాడు తెలిసినది. ఆమెను ఎవరు కోపపడగలరు? వైద్యుడు మాత్రము ఆమె ఎదుట కూర్చుండి, "అమ్మా, అది నీకు విషమని తోచదు, దానికి విషమే" అని రెండుమార్లు చెప్పిరి. ఆ తరువాత గంప ఆమె చేతికి పోలేదు.

నొప్పి తగ్గించు మందు వైద్యుడే తూకము ప్రకారము ఇచ్చెను. మందుల దుకాణమున మనుష్యులకు అమ్ము మాత్రలు తెచ్చి వేయరాదు. గుర్రపు కడుపులో పుండ్లు పడుట, మూత్రపిండములు చెడుట సులభముగా జరుగును. అట్టి మాత్రలలో నొకటైన డైక్లోఫినాక్ ను పశువులకు వాడుట మన దేశమున 2006 నుండి నిషిద్ధము. దానిని మ్రింగిన పశువుల కళేబరములు తిని రాబందులు చచ్చినవి.

నాల్గవ దినము తేరుకొన్నట్లే యుండి, తొమ్మిదవ దినమున మరల పడిపోయినది. మోసుకొనిపోదగిన ఎక్స్‌రే యంత్రమును తెప్పించి చిత్రము తీసిరి. కుడి గిట్టలో ఎముక కొంత ఒరిగినది. ఆ రాత్రి వైద్యుడు యజమానునితో ఏకాంతమున మాటలాడిరి. మేమును ప్రక్కననే ఉంటిమి.

అమెరికాలో బార్బరో అను పందెపు గుర్రము 2006 మే 20న పరుగులో కుడి వెనుకకాలు విరుగగొట్టుకొన్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో కాలిని అతికిరి. కాలు కుదురుకొనుచుండగనే, బరువంతయు మోసిన ఎడమ వెనుకగిట్టకు ఈ వ్యాధియే వచ్చినది. ఎనిమిది నెలలు పోరాడి, ముందుగిట్టలకును సోకిన పిమ్మట, 2007 జనవరి 29న దానికి నొప్పిలేని మరణము నిచ్చిరి. 1973లో అమెరికా దేశపు మూడు గొప్ప పందెములను గెలిచిన సెక్రటేరియట్ సైతము 1989 అక్టోబరు 4న ఇదే కారణమున పోయినది. ధనము, నిపుణులు, యంత్రములు కొదువ లేనిచోటనే అట్లున్నది. మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము కూడ, బ్రతికించుటయే క్రూరత్వమగు స్థితిలోనున్న జంతువును బాధ లేకుండ ముగించుటకు అంగీకరించుచున్నది.

వైద్యుడు చెప్పిన గుర్తులు మూడు. ఎముక గిట్ట అడుగును చీల్చుకొని బయటపడుట. మందులకు లొంగని నొప్పితో లేవలేకపోవుట. మేతయందు, మనుష్యులయందు ఆసక్తి పూర్తిగా నశించుట. "ఇవి కనబడినప్పుడు మాత్రము నన్ను బ్రతిమాలవద్దు" అనిరి. యజమాని చాలసేపు ఏమియు అనలేదు. తరువాత, "నేను పిలిస్తె చెవులు తిప్పుతున్నది సారూ" అనెను. వైద్యుడు వెళ్ళి తానే పిలిచి చూచిరి. తిప్పలేదు. యజమాని పిలిచెను. తిప్పినది. "అయితే ఇంకను చూతము" అని ఆయన సంచి సర్దుకొనిరి.

అటుపై జరిగినదంతయు ఓపిక మాత్రమే. చెప్పుటకు పెద్ద విశేషములు లేవు. నాల్‌బందు లాడములు ఊడదీసి, గిట్ట మొనను కొద్దికొద్దిగా తరిగి, అడుగున మెత్తని దిండు కట్టెను. పండుకొని పండుకొని తుంటివద్ద పుండు పడినది, అది మానుటకు ఇరువది దినములు పట్టినది. పెండ్లిళ్ళ కాలమంతయు రాబడి లేకుండ గడచిపోయినది. యజమాని పగలు ఆటో నడిపి, రాత్రి గడ్డి నానబెట్టెను.

గిట్ట నెలకు ఒక సెంటీమీటరునకు మించి పెరుగదు. జబ్బు పడిననాటి గుర్తు గిట్టగోడపై ఒక గీతవలె నిలిచి, క్రొత్తగోడ పెరిగిన కొలది క్రిందికి దిగుచుండును. మొన్న మేము చూచినప్పుడు ముత్యాలు గిట్టపై ఆ గీత సగమునకు వచ్చియున్నది. అది నేలను తాకువరకు ఊరేగింపు మాట తలపెట్టవద్దని వైద్యుని ఆజ్ఞ. యజమాని ఆ గీతను ప్రతి ఆదివారము పుల్లతో కొలిచి, ఆ పుల్లను చూరులో దోపుచున్నాడు.