పాత మారుతి వ్యానుకు సొంత మరమ్మతు
ఏది యజమాని పని? ఏది మేస్త్రీ పని?

కూరగాయల బుట్టలు, పాల క్యాన్లు, పెళ్లివారి సామాను, పురిటికి వెళ్లే ఆడకూతురు - ఏది ఎక్కించినా కాదనని బండి మారుతి వ్యాను. 1984లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ బండికి 1988లో ఓమ్ని అని పేరు మార్చినా పల్లెల్లో అది నేటికీ మారుతి వ్యానే. 2019లో కంపెనీ దీని తయారీని నిలిపివేసింది. కొత్తది కొనే వీలు లేనందున ఉన్న పాత బండినే జాగ్రత్తగా కాపాడుకోవలసిన అవసరం యజమానులకు ఏర్పడింది.

షెడ్డుకు తీసుకెళ్లిన ప్రతిసారీ ఒక పూట పని పోతుంది, చేతి డబ్బు పోతుంది. అందుచేత చాలామంది పానాలు కొని తామే మరమ్మతులు చేసుకుంటున్నారు. ఇది మంచి అలవాటే. అయితే ఎంతవరకు చేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది తెలియక కొందరు ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు.

ఇందుకు ఒక తేలికైన లెక్క ఉంది. పొరపాటైతే బండి కదలకుండా నిలిచిపోయే పనిని యజమాని చేసుకోవచ్చు. పొరపాటైతే బండి నిలవకుండా పోయే పనిని మేస్త్రీకే వదలాలి. ప్లగ్గు సరిగా బిగించకపోతే బండి స్టార్టు కాదు, అంతే. బ్రేకు సరిగా బిగించకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

మోకాళ్ల ముందు రేకే!

ఈ వ్యానులో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తితే చాలు, చేతికి అందుతుంది. మరమ్మతుకు ఇది ఎంతో సౌకర్యం. కానీ ఇదే ఈ బండికి పెద్ద లోపం కూడా. కార్లలో ఏదైనా ఎదురుగా గుద్దుకుంటే ముందున్న ఇంజను గది కొంత దెబ్బ కాస్తుంది. వ్యానులో డ్రైవరు మోకాళ్లకు, రోడ్డుకు మధ్య రేకు తప్ప మరేమీ లేదు. కనుక ఇతర బండ్ల కంటే దీనికి బ్రేకులు, స్టీరింగు, టైర్లు మరింత పదిలంగా ఉండాలి.

ఉదయం ఐదు నిమిషాలు

796 సీసీల ఈ మూడు సిలిండర్ల ఇంజను గట్టిదే. దీనికి ప్రధాన శత్రువు వేడి. ఉదయం బండి తీయకముందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీరు, ఆయిలు చూసుకోవడం తప్పనిసరి. బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి ఆయిలు పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే అందులో నీరు చేరిందని అర్థం. అప్పుడు బండి తీయనే కూడదు.

రేడియేటరులో బోరు నీరు పోయడం పల్లెల్లో పరిపాటి. బందరు, దివిసీమ వంటి తీర ప్రాంతాల్లో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ ఉప్పు రేడియేటరు సన్న గొట్టాల్లో పొలుసు కట్టి దారి మూసేస్తుంది. బ్యాటరీకి వాడే డిస్టిల్డు నీటిలో కూలెంటు కలిపి పోస్తే ఆ బెడద ఉండదు. గొట్టాలను వేళ్లతో నొక్కి చూడాలి. మెత్తబడినా, పగుళ్లు కనిపించినా మార్చాలి.

వేడెక్కిన ఇంజనుకు రేడియేటరు మూత విప్పడం చాలా ప్రమాదం. మూత బిగించి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. బండి ఆపి, పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. కాగిన ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరించడమూ తగదు. అల్యూమినియం హెడ్డు వంకర పోవచ్చు, పగలవచ్చు. అప్పుడు పది రూపాయల నీటితో పోయే పని వేల రూపాయలకు తేలుతుంది.

ఎర్ర దీపం వెలిగితే

నడుస్తుండగా బ్యాటరీ గుర్తుతో ఎర్ర దీపం వెలిగితే చాలామంది 'చార్జింగు పోయింది, ఇంటికి వెళ్లి చూద్దాం' అని అలాగే నడుపుతారు. ఈ బండిలో ఆల్టర్నేటరును, నీటి పంపును తిప్పేది ఒకే బెల్టు. అది తెగితే చార్జింగుతో పాటు నీటి ప్రవాహమూ ఆగిపోతుంది. నాలుగైదు మైళ్లు నడిపితే ఇంజను కాలిపోవచ్చు. దీపం వెలగగానే పక్కకు ఆపి బెల్టు చూడాలి. కొత్త బెల్టు ఒకటి ఎప్పుడూ బండిలో ఉంచుకోవడం మంచిది. బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళానికి మించి దిగకూడదు.

చేతికి అందే పనులు

8, 10, 12, 14, 17 నంబరు పానాలు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, ఫీలర్ గేజి ఉంటే చాలా పనులు ఇంటి దగ్గరే జరుగుతాయి.

మూడు ప్లగ్గులూ విప్పి మసి తుడిచి, సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో చూడాలి. వైర్లను ఒక్కొక్కటిగా తీసి, దాని ప్లగ్గు పని అయ్యాక తిరిగి తగిలించాలి. మూడూ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో తెలియక తికమక అవుతుంది. పాయింట్లు ఉన్న పాత మోడలులో వాటి సందు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. కంకర రోడ్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు తరచు తీసి దుమ్ము దులపాలి. కాగితపు ఫిల్టరును పెట్రోలుతో కడగరాదు.

బ్యాటరీ కొనలకు తెల్లగా పూత పట్టినప్పుడు వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరాక వాజలీను రాయాలి. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోకూడదు. విప్పేటప్పుడు ముందు మైనసు వైరు, బిగించేటప్పుడు చివర మైనసు వైరు. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. దాని నుంచి వచ్చే వాయువు అంటుకుని పేలుతుంది.

ఫ్యూజు పోతే అదే నంబరు ఫ్యూజు వేయాలి. రాగి తీగ చుట్టి నడిపితే ఫ్యూజు బదులు వైరింగు కాలుతుంది. తీసిన పాత ఆయిలును కాలువలో పారబోయకుండా డబ్బాలో పట్టి షెడ్డులో ఇవ్వాలి.

చూడటం మీ వంతు, విప్పడం మేస్త్రీ వంతు

బ్రేకు ఆయిలు మట్టం రోజూ చూడవచ్చు. మాటిమాటికీ తగ్గుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. పోస్తూ కాలం గడపకుండా షెడ్డుకు తీసుకెళ్లాలి. బ్రేకు ఆయిలు దొరకలేదని ఇంజను ఆయిలో కిరోసినో పోస్తే లోపలి రబ్బరు వాచర్లు ఉబ్బి బ్రేకులు పనిచేయవు. స్టీరింగు కీళ్ల పని కూడా ఇంటి దగ్గర పెట్టుకోరాదు. ఈ భాగాలకు పాత సామాను కొనవద్దు. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను దొరుకుతుంది నిజమే, కానీ తలుపు, అద్దం పాతవి వేయవచ్చు గాని బ్రేకు వాచరు పాతది వేయరాదు.

పెట్రోలు గొట్టాల సంగతీ అంతే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత మోడళ్ల రబ్బరు గొట్టాలు దానికి త్వరగా పాడవుతాయి. బండిలో పెట్రోలు వాసన వస్తే వెంటనే ఇంజను ఆపాలి. సీటు కిందే వేడి ఇంజను ఉందని మరవరాదు. సైలెన్సరు గొట్టానికి చిల్లు పడి పొగ లోపలికి వస్తే తలనొప్పి, మగత కలుగుతాయి. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు.

వంట గ్యాసు సిలిండరును బండికి తగిలించడం చట్టవిరుద్ధం. పిల్లలను బడికి చేర్చే బండిలో అలా చేయడం నేరమే కాదు, పాపం కూడా.

జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు

స్టెప్నీ మార్చడం మాత్రం ఎవరికైనా తప్పని పని. గట్టి నేల చూసి ఆపి, హ్యాండుబ్రేకు వేసి, ఎదురు మూల చక్రానికి రాళ్లు ఆనించాలి. మెత్తటి నేలైతే జాకీ కింద చెక్క వేయాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేసి, ఆ తరువాత బండి లేపాలి. బిగించేటప్పుడు ఒకదాని ఎదురుగా మరొకటి చొప్పున బిగించి, కొంత దూరం నడిచాక మళ్లీ చూడాలి.

జాకీ మీద నిలిపిన బండి కిందికి మనిషి దూరకూడదు. ఇటుకలు పేర్చి దూరడం ఇంకా ప్రమాదం. ఇటుక చెప్పకుండా పగులుతుంది. దళసరి దుంగలో ఇనుప స్టాండ్లో లేకపోతే ఆ పని మానుకోవాలి.

సొంత బండికి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషను తిరిగి చేయించుకోవాలి. ఆ తరువాత ఐదేళ్లకోసారి తప్పదు. అద్దెకు తిప్పే బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఎఫ్.సి. చేయించాలి. ఎఫ్.సి. నాటికి హడావుడి పడకుండా, చేసిన ప్రతి పనినీ తేదీతో, మీటరు అంకెతో ఒక నోటుపుస్తకంలో రాసుకునే యజమానికి ఎప్పుడు ఏది మార్చాలో తెలుస్తుంది. షెడ్డులో చేయని పనికి డబ్బు కట్టే బాధా తప్పుతుంది.