పట్టణమున కోడిపిల్ల

హైదరాబాదు వీధులలో ఎఱుపు, పచ్చ, గులాబి రంగులు పూసిన కోడిపిల్లలను గంపలలో పెట్టి అమ్ముచుందురు. బడి విడిచిన వేళకు పిల్లలు ఆ గంపచుట్టు మూగుదురు. ఆ రంగు కోడిది కాదు. కొత్త ఈకలు మొలచుకొలది పోవును. గంపలోనివి చాలవరకు గ్రుడ్ల కొఱకు పెంచు జాతులలోని పుంజుపిల్లలు. అవి గ్రుడ్లు పెట్టవు. మాంసపుజాతులవలె త్వరగ ఎదుగవు. పిల్లలను పొదిగించు కేంద్రములకు అక్కఱలేని ఆ ప్రాణులు ఇట్లు బొమ్మ వెలకు మన యిండ్లు చేరుచున్నవి. పెక్కు ఇండ్లలో వారము తిరుగకుండనే చచ్చిపోవుచున్నవి. పసివాడు మృత్యువును మొదటిసారి చూచునది ఆ అట్టపెట్టెలోనే కావచ్చును.

ఆకలిచే పోయినదని తల్లులు తలతురు. నిజమునకు, అప్పుడే పొదిగిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన దానిని రెండుమూడు దినములు పోషింపగలదు. దానికి లేనిది తల్లి రెక్క. నూగుతోనున్న పిల్ల తన ఒంటివేడిని తానై నిలుపుకొనలేదు. మొదటి వారమున దాని దగ్గఱ సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనముండవలెను. పిమ్మట వారమునకు మూడేసి డిగ్రీలు తగ్గింపవచ్చును. పెట్టెలో ఒక మూలగా పాతరకపు 60 వాట్ల బల్బు వ్రేలాడగట్టిన చాలును. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపములు వెలుగునిచ్చును గాని ఈ పనికి చాలవు. ఉష్ణమాపకము లేకున్నను పిల్లలే చెప్పును: దీపముక్రింద ఒకదానిపై ఒకటి ముడుచుకొన్న చలి యని, దూరముగ పోయి నోళ్ళు తెఱచిన వేడి మించినదని, పెట్టె అంతట చెదరి మేయుచున్న సరిపోయినదని తెలిసికొనవలెను. ఉష్ణమును గూర్చి పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి పరికరమేది?

ఒంటిపిల్లను తేరాదు, అది రేయింబవళ్ళు అఱచును. రెండుమూడున్నచో వానికొక సంఘమేర్పడును. ఎవరు ఎవరిని పొడువవచ్చునో, ఎవరు తలవంచవలెనో కోళ్ళలో ఒక వరుస కలదు. నార్వే దేశీయుడగు షెల్డరుప్ ఎబ్బె బాల్యమునుండి కోళ్ళను గమనించి వ్రాసికొని, 1921లో ఆ వరుసను శాస్త్రలోకమునకు తెలిపెను. విద్యార్థులు ఒక నోటుపుస్తకముతో చేయదగిన శాస్త్రమిది.

గ్రుడ్లు పెట్టు పెట్టకు పెంకు కొఱకు సున్నపుపాలు గల ఆహారము కావలెను. నత్తగుల్లల పొడి మేలు. బడి సుద్దముక్క పెట్టరాదు, అది తఱచుగ జిప్సముతో చేసినది.

అన్నిటికన్న భయపడవలసినది కొక్కెర తెగులు. సోకినచో మందు లేదు. టీకా ఒక్కటే దిక్కు. మొదటి వారముననే కంటిలో చుక్కగ వేయుదురు. చిక్కేమనగా ఆ టీకా సీసాలు నూఱు మోతాదులకు తక్కువ దొరకుట అరుదు, కలిపిన మందు కొద్ది గంటలకు మించి నిలువదు. మూడు పిల్లలున్న గృహస్థు ఏమి చేయును? పశువైద్యశాలలో అడిగి, ఇతరులు వేయించుదినముననే తానును తీసికొనిపోవుట మేలు.

ఇన్ని గండములు గడచిన పుంజుపిల్ల మూడునాలుగు నెలలకు కూత నేర్చును. వెలుగు చూచి కూయునని మనమందఱము తలతుము. 2013లో జపానులోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పుంజులను ఎల్లవేళల మసకవెలుతురులోనే ఉంచి చూడగా, అవి కాలము తప్పక కూసినవట. గడియారము వాని లోపలనే యున్నది. కనుక గూటిపై గోనె కప్పినంతమాత్రమున కూత ఆగదు. ఈ సంగతి తరగతిలో చెప్పుటకు బాగుండును. ప్రక్కవాటావారికి తెల్లవాఱుజామున నాలుగుగంటలకు చెప్పుటకు బాగుండదు.

అప్పటికి ఆ పుంజునకొక పేరుండును. పిలిచిన పరుగెత్తి వచ్చును. కూర వండుదమని పెద్దలందురు; పిల్లవాడు ఆనాడు అన్నము ముట్టడు. తుదకు ఇట్టి పుంజులు మూతగంపలలో బస్సెక్కి పల్లెలోని అమ్మమ్మ పెరడు చేరుచుండును. అటుపిమ్మట ఫోనులో మనుమడు మొదట అడుగునది దాని క్షేమమునే. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఆ ప్రశ్నకు అమ్మమ్మ వెంటనే బదులు చెప్పదు.