అన్నెం పున్నెం ఎవరికి తెలియదు?

ఏ తప్పూ చేయని మనిషి గురించి చెప్పాలంటే మనకు ఒక్క మాట చాలదు. అన్నెం పున్నెం ఎరగనివాడు అంటాం. పసిపిల్లయితే అభం శుభం తెలియని పిల్ల. మనసు తేటగా ఉంటే కల్లాకపటం లేని మనిషి.

ఎందుకిలా జంటగా?

ముందు చెవి కోసం. అన్నెం, పున్నెం ఒకే దెబ్బకు మోగుతాయి. అభం అనే మాటను విడిగా ఎవరూ వాడరు. శుభం పక్కనుంటేనే దానికి బతుకు. ఆ తర్వాత అర్థం కోసం. పున్నెం అంటే పుణ్యమే, అన్నెం దానికి ఎదురు. రెండు కొసలూ పట్టుకుంటే మధ్యలో ఉన్నదంతా చేతికి వచ్చినట్టే. కల్లాకపటం తీరు వేరు. కల్ల తెలుగు, కపటం సంస్కృతం, భావం దాదాపు ఒకటే. ఒకదాని బలం ఇంకొకదానికి తోడు.

ఇంగ్లీషులోనూ ఇంతేనా?

జంట కట్టడంలో ఇంతే. 'సేఫ్ అండ్ సౌండ్'లో సేఫ్ ఫ్రెంచి నుంచి వచ్చింది, సౌండ్ పాత ఇంగ్లీషు మాట. అచ్చం మన కల్లాకపటమే. కానీ 'ఇన్నొసెంట్' దగ్గర దారి చీలుతుంది. దాని లాటిన్ మూలానికి హాని చేయనివాడు అని అర్థం. అంటే చూసేది చేతను. మన జంటలు ఎక్కువగా చూసేది ఎరుకను: ఎరగని, తెలియని. అమాయకుడు అన్నా మాయ లేనివాడనే, కానీ వాడుకలో ఇట్టే మోసపోయేవాడైపోయాడు. కోర్టు మాత్రం నిర్దోషి అంటుంది. ఆ మాటకు తెలివితో పనిలేదు, చేసిన పనితోనే పని. పత్రికల్లో ఇన్నొసెంట్ కనబడగానే అమాయకులు అని రాసేస్తాం. ఇది చిన్న పొరపాటు కాదని నా నమ్మకం.

ఎందుకు కాదు?

ఒక తెగ కథ చూస్తే తెలుస్తుంది. శ్రీహరికోట పేరు చెప్పగానే రాకెట్టే గుర్తొస్తుంది. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ, పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఆ అడవి యానాదులనే గిరిజనులది. తేనె, వంటచెరకు, మూలికలు, చేపలు, అదే వారి బతుకు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే చట్టం తెచ్చింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. నెల్లూరు జిల్లా యానాదుల్లో కొందరి మీదా ఆ ముద్ర పడింది. చేసిన నేరమేమిటని అడిగే పని లేదు. పేరు నమోదైతే చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య ఈ చట్టం మీద ఏళ్ల తరబడి పోరాడారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది.

నేరస్థులన్న మాట పోయాక ఏ మాట వచ్చింది? అమాయక గిరిజనులు. ఇదీ విడదీయరాని జంటే అయిపోయింది. ప్రేమతోనే రాస్తాం, కాదనను. అయినా మొదటి మాట వాళ్ల చేతిని అనుమానించింది, రెండోది వాళ్ల బుర్రను.

వాళ్లకు తెలియనిదేమిటి?

కోతలయ్యాక పొలం గట్టున యానాది ఎలుకలు పట్టడం చూస్తే ఈ ప్రశ్నే రాదు. కుండ అడుగున చిల్లు ఉంటుంది. లోపల గడ్డి రాజేసి, మూతిని బొరియకు ఆనించి, చిల్లులోంచి నోటితో ఊదుతాడు. అంతకుముందే మిగతా కన్నాలు వెతికి మట్టితో పూడ్చేసి ఉంటాడు. బొరియ ఎటు వంగిందో, ఎలుక ఏ మూల దాక్కుందో పైన నేలను చూసే చెబుతాడు. పొగ నిండాక తవ్వితే ఎలుకలతో పాటు అవి దాచుకున్న వడ్లూ దొరుకుతాయి. రైతు పంటను కాపాడే విద్య అది, ఆ ఇంటి పూట గడిపే విద్య కూడా. ఈ మనిషి గురించి రాసేటప్పుడు నేను ఏ తప్పూ చేయనివాడు అని రాస్తాను. తెలియనివాడు అని రాయను.